2012 ప్రియస్, చెన్నై బండి: బ్యాటరీ సంగతి తెలిసినవారు చెప్పండి

ఒంగోలు మాస్టారు

అందరికీ నమస్కారం. ఒంగోలులో ఉంటాను, లెక్కలు చెబుతాను. రోజూ సింగరాయకొండ కాలేజీకి వెళ్లి రావాలి, నెలకు రెండుసార్లు నెల్లూరులో అత్తగారింటికి. ఇప్పుడున్న పాత కారు పెట్రోలు తాగుతున్న తీరు చూస్తే నా జీతం దానికే సరిపోయేలా ఉంది.

చెన్నైలో ఒక బ్రోకరు 2012 నాటి టయోటా ప్రియస్ (పెట్రోలు ఇంజన్‌తో పాటు పెద్ద బ్యాటరీ, మోటారు కూడా ఉండే హైబ్రిడ్ కారు) ఉందని ఫొటోలు పంపాడు. జపానులో తయారై ఓడలో వచ్చిన బండి. ఒకే యజమాని, మీటరు మీద 61,000 కిలోమీటర్లు. అడుగుతున్న ధర అయిదారేళ్ల స్విఫ్ట్ ధరకు కాస్త అటూఇటూగా ఉంది. కొత్తప్పుడు అది ఎంత ఖరీదో తెలుసు కాబట్టి మనసు లాగుతోంది. మా బావమరిది మాత్రం, “బ్యాటరీ పోయిందంటే దాన్ని వేపచెట్టు కింద పెట్టి కోళ్లు పెంచుకోవాలి బావా” అంటున్నాడు.

ఈ పెద్ద బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుంది? తక్కువ తిరిగిన బండి కాబట్టి బ్యాటరీ కూడా కొత్తగానే ఉంటుందనుకోవచ్చా? మన రోహిణి కార్తె ఎండలకు తట్టుకుంటుందా? పాడైతే నెల్లూరు, ఒంగోలు మధ్య ఎవరైనా బాగుచేస్తారా? తెలిసినవారు చెబితే ఈ ఆదివారం చెన్నై వెళ్లాలా వద్దా అని తేల్చుకుంటాను.

ట్రంకురోడ్డు మెకానిక్

మాస్టారూ, 61 వేలు చూసి సంబరపడకండి. పదమూడేళ్లకు 61 వేలంటే ఏడాదికి అయిదు వేలు కూడా పడలేదు. అంటే ఆ బండి తిరిగిన రోజుల కన్నా పడుకున్న రోజులే ఎక్కువ. ఈ బ్యాటరీకి తిరగడం చేటు కాదు, పడుకోవడం చేటు.

అందులో ఉన్నది నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం. మన ఫోనులో ఉండే లిథియం కాదు. ఊరికే ఉంచినా దాని ఛార్జి దానంతట అదే కరిగిపోతూ ఉంటుంది. పైగా అన్ని సెల్లూ ఒకే వేగంతో కరగవు. రోజూ తిరిగే బండిలో అయితే కంప్యూటరు దాన్ని ఎప్పుడూ అంచుదాకా నింపదు, అడుగంటా వాడనివ్వదు. ఇంచుమించు 40 నుంచి 80 శాతం మధ్యలోనే ఆడిస్తుంది. అందుకే పరదేశాల్లో టాక్సీలుగా రోజంతా తిరిగిన ప్రియస్‌లు లక్షల కిలోమీటర్లు అదే బ్యాటరీతో నడిచాయి.

ఎన్నేళ్లు వస్తుందంటే నేను అంకె చెప్పను. చెప్పేవాళ్లను మీరు నమ్మకండి. పదేళ్లు దాటిందంటే ముసలితనం వచ్చినట్టే. కొందరు ముసలివాళ్లు తిరుమల కొండ నడిచి ఎక్కుతారు, కొందరు మంచం దిగరు. మీరు చూసిన బండి ఏ రకమో వెళ్లి చూసుకోవాలి.

నెల్లూరులో, ఒంగోలులో ఈ బ్యాటరీ విప్పి, కొలిచి, మళ్లీ కట్టగలిగే షెడ్డు నాకు తెలిసినంతలో లేదు. నేను కూడా ఫ్యాను శుభ్రం చేయడం, స్కానర్ పెట్టి చూడడం వరకే. బ్యాటరీ పని అంటే చెన్నైకో బెంగళూరుకో బండిని మోసుకుపోవాలి. మోసే ఖర్చు కూడా కొనే ధరలో కలుపుకోండి.

పెన్నా ఒడ్డు

మాస్టారూ, కొనకండి. అంతే.

నేనూ ఇలాగే మోజుపడి ఒక దిగుమతి హైబ్రిడ్ సెడాన్ కొన్నాను. ఏ కంపెనీ అన్నది చెప్పను, తప్పు ఎవరిదో నాకే తెలియదు కాబట్టి. 2020 లాక్‌డౌన్‌లో వేదాయపాళెంలో ఇంటి ముందు మూడు నెలలు కదలకుండా ఉంది. తీరా బయటికి తీద్దామంటే చడీచప్పుడూ లేదు. తలుపు తాళం కూడా పలకలేదు. లారీ మీద ఎక్కించి పెద్ద ఊరికి పంపితే అక్కడి వర్క్‌షాపువాళ్లు రెండు రోజులు ఉంచుకుని, మొత్తం బ్యాటరీ మార్చాలని చీటీ రాసి పంపారు. ఆ చీటీలో అంకె చూసి మా ఆవిడ, “దీనికి రెండు గేదెలు వచ్చేవి” అంది. వచ్చిన ధరకు అక్కడే వదిలేసి బస్సెక్కి వచ్చాను.

డీజిల్ కొనుక్కోండి. పొగ వచ్చినా ఊళ్లో ప్రతి మెకానిక్కుకూ దాని జబ్బు తెలుసు.

ట్రంకురోడ్డు మెకానిక్

@పెన్నా ఒడ్డు అన్నా, ఒక మాట అడుగుతాను, కోపం వద్దు. చిన్న బ్యాటరీ మార్చి చూశారా?

పెన్నా ఒడ్డు

చిన్న బ్యాటరీ ఏమిటి? హైబ్రిడ్‌లో ఉండేది పెద్ద బ్యాటరీ కదా?

ట్రంకురోడ్డు మెకానిక్

రెండూ ఉంటాయన్నా. అన్ని కార్లలో ఉండే 12 వోల్టుల బ్యాటరీ ఇందులోనూ ఉంటుంది. ప్రియస్‌లో అది డిక్కీలో ఒక మూల ఉంటుంది. తలుపు తాళం, లైట్లు, కంప్యూటర్లు అన్నీ దాని మీదే. మీట నొక్కగానే ముందు అదే కంప్యూటరును లేపాలి, కంప్యూటరు లేచాక పెద్ద బ్యాటరీ రిలేలు (స్విచ్చుల్లాంటివి) కలుపుతుంది, అప్పుడు ‘రెడీ’ దీపం వెలుగుతుంది. చిన్నది చస్తే పెద్దది నిండుగా ఉన్నా బండి శవమే. తలుపు కూడా పలకలేదన్నారు చూడండి, అది చిన్న బ్యాటరీ లక్షణం.

మీ బండికి అదే జబ్బని ఇక్కడ కూర్చుని తేల్చి చెప్పలేను. మూడు నెలలు ఉంచితే పెద్దది కూడా దిగిపోయి ఉండవచ్చు. ప్రియస్ లాంటి వాటిలో స్టార్టర్ మోటారు విడిగా ఉండదు, ఇంజన్‌ను తిప్పేది కూడా పెద్ద బ్యాటరీయే. అది పూర్తిగా దిగితే తోసినా లేవదు, చిన్న బ్యాటరీకి తీగలు తగిలించినా లాభం లేదు. కానీ ముందు చూడవలసింది చిన్నదాన్ని. అది చూడకుండా పెద్దదానికి చీటీ రాసేవాళ్లున్నారు.

పెన్నా ఒడ్డు

ఈ ముక్క అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. మా ఆవిడకు ఈ చర్చ చూపించను.

కావలి టు ఆక్లాండ్

నేను కావలివాడిని, ఎనిమిదేళ్లుగా న్యూజీలాండ్‌లో ఉన్నాను. ఇక్కడ సగం వీధి జపానులో వాడేసి తెచ్చిన కార్లే. నాది టయోటా ఆక్వా, కొన్నప్పుడే ఏడేళ్ల పాతది. మా వీధిలో హైబ్రిడ్ అంటే ఎవరూ భయపడరు, ఎందుకంటే బ్యాటరీ పోతే ఇంటికే వచ్చి రెండు గంటల్లో వేరేది పెట్టిపోయేవాళ్లు ఉన్నారు. బ్యాటరీ మంచిదా చెడ్డదా అన్నదానికన్నా, మార్చే మనిషి ఎంత దూరంలో ఉన్నాడన్నదే ముఖ్యమని నాకు అనిపిస్తుంది. ఇక్కడి చల్లదనం కూడా దానికి కలిసివచ్చింది లెండి.

జపాను వేలం కాగితం ఉంటే అందులో దూరం, గ్రేడు, ఎక్కడ గీత పడిందో కూడా బొమ్మ వేసి ఇస్తారు. గ్రేడు దగ్గర ‘ఆర్’ అని ఉంటే దెబ్బ తిని బాగుచేసిన బండి అని అర్థం. మాస్టారి బండికి అలాంటి కాగితం ఉంటుందా? అది ఉంటే ఆ 61 వేలు నిజమో కాదో తేలిపోతుంది.

పాత ఆర్‌టీఓ ఏజెంటు

ఉండదు బాబూ. మీ దేశం పద్ధతి వేరు, మనది వేరు. విదేశంలో వాడిన కారును మన దేశానికి తేవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి, ముంబయి రేవులోనే దించాలి. కృష్ణపట్నం రేవు మన గుమ్మం ముందే ఉన్నా పనికిరాదు. సుంకం కలిపితే బండి ధరకు రెట్టింపు దాటుతుంది. అందుకే మన దగ్గర ‘ఇంపోర్టెడ్ సెకండ్ హ్యాండ్’ అంటే, కంపెనీయే కొత్తగా తెప్పించి ఇక్కడ అమ్మినది, ఆ తర్వాత చేతులు మారినది. ప్రియస్ 2010లో అలాగే వచ్చింది. అంతకు ముందు 2008లో హోండా సివిక్ హైబ్రిడ్ కూడా అలాగే వచ్చింది. 2013 నుంచి వచ్చిన క్యామ్రీ హైబ్రిడ్ మాత్రం కర్ణాటకలో బిడది ఫ్యాక్టరీలో బిగించినది, దాన్ని దిగుమతి బండి అని అమ్మేవాడి మాట పట్టించుకోకండి.

మాస్టారు గారూ, బ్యాటరీ గురించి వీళ్లు చెబుతారు, నేను కాగితం గురించి చెబుతాను. తమిళనాడు బండిని ఏడాదికి మించి మన రాష్ట్రంలో ఉంచుకోవాలంటే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తీసుకుని (ఫారం 28), ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, లైఫ్ ట్యాక్సు కట్టాలి. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు. ఫైనాన్సు ఉండి తీరిపోయిందంటే 35 కూడా తీసుకోండి. బ్రోకరు “ఎన్‌ఓసీ వారంలో పంపిస్తా సార్” అంటాడు. ఆ వారం ఎప్పటికీ రాదు. ఎన్‌ఓసీ చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. 2012 బండికి ఆర్‌సీ 2027 వరకే. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి పునరుద్ధరించుకోవాలి. మామూలు కారుకు ఆ రుసుము 5,000, దిగుమతి కారుకు 40,000. ఇది 2022 ఏప్రిల్ నుంచి ఉన్న లెక్క. కొనేముందే ఆర్‌సీలో ఏమని రాసి ఉందో చూసి, మన కార్యాలయంలో ఒకసారి అడిగి తెలుసుకోండి.

ఒంగోలు మాస్టారు

నలభై వేలు! బావమరిదికి ఈ ఒక్క అంకె చాలు, ఏడాది పొడవునా నన్ను సాధించడానికి.

మెకానిక్ గారూ, వెళ్లి చూసుకోవాలన్నారు. ఏమి చూడాలి? నాకు బానెట్ ఎత్తితే నీళ్ల డబ్బా ఏదో, నూనె డబ్బా ఏదో మాత్రమే తెలుసు.

ట్రంకురోడ్డు మెకానిక్

మీరు లెక్కల మాస్టారు కాబట్టి లెక్కలోనే చెబుతాను. మీరు చూస్తున్నది మూడో తరం ప్రియస్, దాని బ్యాటరీలో 28 పలకలు (మాడ్యూళ్లు) ఉంటాయి. ఒక్కో పలకలో ఆరు సెల్లు, ఒక్కో పలక 7.2 వోల్టులు. 28 × 7.2 = 201.6 వోల్టులు. అన్నీ ఒకదాని వెనక ఒకటి గొలుసుగా కట్టి ఉంటాయి. మీ ఒంగోలు గిత్తలను ఇరవై ఎనిమిదింటిని ఒకే కాడికి పూన్చినట్టు అనుకోండి. ఒకటి కుంటితే మిగతా ఇరవై ఏడూ దాని నడకే నడవాలి. బ్యాటరీ పోయింది అన్నప్పుడు తరచుగా పోయేది ఒకటో రెండో పలకలే. కాకపోతే మిగతావి కూడా అదే వయసువి, ఆ ఒకటి మార్చిన ఆరు నెలలకు పక్కది కూర్చుంటుంది.

కంప్యూటరు ఈ పలకలను జంటలుగా చూస్తుంది, అంటే 14 జంటలు. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటరులోని అంకెలు చదివే పరికరం) ఒకటి స్టీరింగు కింద గుచ్చి, ఫోనులో హైబ్రిడ్ యాప్ పెడితే 14 జంటల వోల్టేజీ విడివిడిగా కనిపిస్తుంది. ఆగి ఉన్నప్పుడు చూసి లాభం లేదు, ఆగినప్పుడు అన్నీ బుద్ధిమంతులే. బరువు పడినప్పుడు చూడాలి. ఏసీ నిండుగా పెట్టి, డీ గేరులో బ్రేకు తొక్కి పట్టి, ఇంజన్ ఆగిన స్థితిలో ఛార్జి దిగేదాకా చూడండి. తర్వాత రోడ్డు మీద ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు గట్టిగా యాక్సిలరేటర్ తొక్కండి, పక్కన ఒకరు ఫోను చూడాలి. 14 జంటలూ కలిసి దిగి కలిసి ఎక్కితే మంచిది. ఏదైనా ఒకటి మిగతావాటి కన్నా ముందే దభాలున దిగి, ఛార్జి ఎక్కేటప్పుడు అందరికన్నా ముందు పైకి లేస్తే అదే కుంటిది. తేడా అర వోల్టు దాటితే నేను బేరం ఆపేస్తాను.

తెర మీద బ్యాటరీ గీతలు కూడా చూడండి. అయిదు నిమిషాల్లో అడుగుకు పడి, మళ్లీ అయిదు నిమిషాల్లో నిండిపోతుంటే కడవ చిన్నదైపోయిందని అర్థం.

ఇంజన్‌ను మరిచిపోకండి. ఈ తరం ఇంజన్‌కు ఈజీఆర్ దారి (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకే పంపే గొట్టం) మసి పట్టి పూడుకుపోయే గుణం ఉంది, అది ముదిరితే హెడ్ గాస్కెట్ (ఇంజన్ తలకూ దిమ్మెకూ మధ్య ఉండే సీలు) మీదికి వస్తుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి స్టార్ట్ చేయించండి. గడగడా వణికి సర్దుకుంటే అనుమానించండి. కూలెంటు తగ్గిందేమో చూడండి. మీరు వెళ్లేసరికి బండిని ముందే వేడి చేసి ఉంచితే అదే ఒక జవాబు.

నారింజ రంగు తీగలు ఎక్కడ కనబడినా వేలు పెట్టకండి. రెండు వందల వోల్టులు అక్కడే ఉంటాయి.

నా స్కానర్ ఇస్తాను, నెల్లూరు మీదుగానే వెళతారు కదా, తీసుకువెళ్లండి.

చీమకుర్తి గ్రానైటు

ఒక అనుభవం చెబుతాను. మా క్వారీ యజమాని దగ్గర ఒక హైబ్రిడ్ ఉంది. వేసవిలో బ్యాటరీ వేడెక్కిందని హెచ్చరిక వచ్చేది, సాయంత్రానికి పోయేది. వెనక సీటు పక్కన చిన్న జల్లెడ లాంటి కిటికీ ఒకటి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. బ్యాటరీ ఫ్యాను కారు లోపలి గాలినే ఆ కిటికీలోంచి పీల్చుకుని బ్యాటరీని చల్లబరుస్తుంది. అది విప్పితే ఫ్యాను రెక్కల మీద గ్రానైటు పొడి తడిసి ఆరి, సిమెంటు పూత పూసినట్టు పట్టి ఉంది. టూత్‌బ్రష్‌తో గీకాల్సి వచ్చింది. అరచేతిలో పట్టేంత పొడి. అది పోయాక హెచ్చరిక మళ్లీ రాలేదు.

కాబట్టి మన ఎండల మాట అడిగారు కదా, బయట ఎండ కన్నా లోపల ఏసీ ముఖ్యం. మనుషులకు చల్లగా ఉంటే బ్యాటరీకి చల్లగా ఉంటుంది. ఏసీ ఆపి పొదుపు చేద్దామనుకునేవాళ్లు ఈ బండి కొనకూడదు. ఆ కిటికీ మీద కూరగాయల సంచి, పెళ్లి బట్టల మూట పెట్టకూడదు.

ట్రంకురోడ్డు మెకానిక్

బాగా చెప్పారు. దానికి ఒకటి కలుపుతాను. ఇంతకుముందు పండగ రోజుల్లో టంగుటూరు టోల్ దగ్గర అరగంట వరుస ఉండేది. అలాంటి చోట గేరు ‘ఎన్’లో (న్యూట్రల్) పెట్టి ఏసీ వేసుకుని కూర్చోకండి. ‘ఎన్’లో ఉంటే ఇంజన్ ఆడుతున్నా బ్యాటరీ ఛార్జి కాదు, దిగుతూనే ఉంటుంది. ‘పీ’లో (పార్కింగ్) పెట్టండి.

కొత్త తరం

ఇంత కష్టం ఎందుకు సార్? 2022లో వచ్చిన హైరైడర్, గ్రాండ్ విటారా హైబ్రిడ్‌లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. హోండా సిటీ హైబ్రిడ్ కూడా. వాటి బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ. మూడేళ్లు పోయినా ఇంకా అయిదేళ్లు ఉంటుంది.

ఒంగోలు మాస్టారు

తమ్ముడూ, నా దగ్గర ఉన్న డబ్బుకు వాటి ముందు చక్రాలు రెండు వస్తాయి.

దర్గామిట్ట డాక్టరు

ఆలస్యంగా చూశాను. నా దగ్గర 2011 ప్రియస్ ఉంది, కొత్తదే కొన్నాను. రోజూ దర్గామిట్ట నుంచి బుచ్చిరెడ్డిపాళెం క్లినిక్‌కు వెళ్లి వస్తాను, ఆదివారాలు మినహా. 1,90,000 కిలోమీటర్లు దాటింది, పెద్ద బ్యాటరీ మొదట వచ్చినదే. చిన్నది రెండుసార్లు మార్చాను. ఊళ్లో లీటరుకు 18, హైవే మీద మెల్లగా వెళితే 20 పైన ఇస్తుంది. కంపెనీ చెప్పిన అంకె నాకు ఎప్పుడూ రాలేదు, రాలేదని ఎప్పుడూ బాధపడలేదు.

అందరూ 61 వేలు తక్కువని ఇష్టపడతారు, నేనైతే 1,60,000 తిరిగిన రోజువారీ బండినే కొంటాను. మనుషుల్లో కూడా నడిచేవాళ్ల మోకాళ్లే నాకు నచ్చుతాయి.

మాస్టారు గారూ, బండి చెన్నైది అంటున్నారు. 2015 డిసెంబరులో, 2023 డిసెంబరు తుపానుకు ఆ బండి ఎక్కడ నిలబడి ఉందో అడగండి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర నీళ్లలో నిలిచిన కార్లు తర్వాత ఎంత మెరిసిపోతూ అమ్మకానికి వచ్చాయో నేను చూశాను. సీటు బెల్టును చివరిదాకా లాగండి. ఎవరూ ఉతకని భాగం అదే. డిక్కీ అడుగు పలక ఎత్తి పనిముట్ల కింద వేలితో రాసి చూడండి. ఈ బండిలో బ్యాటరీ వెనక సీటు వెనకే కింద కూర్చుని ఉంటుంది, నీళ్లు డిక్కీ దాకా వస్తే ముందు తడిసేది అదే.

ఒంగోలు మాస్టారు

వెళ్లి వచ్చాను. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

శనివారం సాయంత్రం నెల్లూరులో దిగి మెకానిక్ గారి స్కానర్ తీసుకుని రాత్రికి చెన్నై చేరాను. బావమరిది కూడా వచ్చాడు, నన్ను ఆపడానికి. ఆదివారం పొద్దున ఏడున్నరకే వెళ్లాను. బ్రోకరు తొమ్మిదికి రమ్మన్నాడు, నేను కావాలనే ముందు వెళ్లాను. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగానే ఉంది. స్టార్ట్ చేయిస్తే ఇంజన్ వణకలేదు. తెల్లటి బండి, లోపల తోలు సీట్లు, అద్దంలా ఉంది. నా మనసు సగం అక్కడే ఇచ్చేశాను.

స్కానర్ గుచ్చాం. ఆగి ఉన్నప్పుడు 14 జంటలూ 15.7 దగ్గర, అచ్చు మీరు చెప్పినట్టు బుద్ధిమంతులే. తర్వాత ఫ్లైఓవరు ఎక్కుతూ గట్టిగా తొక్కాను. బావమరిది ఫోను పట్టుకుని అంకెలు చదువుతున్నాడు, క్రికెట్ స్కోరు చదివినట్టు. పదమూడు జంటలు 14.9, 14.8 అంటున్నాడు, తొమ్మిదోది 13.6. దిగేటప్పుడు బ్రేకు తొక్కితే మిగతావి 16.3, తొమ్మిదోది 16.9. రెండోసారి ఎక్కాను, మళ్లీ అదే. మూడోసారి బ్రోకరే, “చాలు సార్, పెట్రోలు నాది” అన్నాడు.

హెచ్చరిక దీపాలేవీ వెలగలేదు, కంప్యూటరు దాచుకునే లోపాల కోడ్లు కూడా లేవు. ఆ యాప్‌లో వెతుకుతుంటే ఒక వరుస కనబడింది: కోడ్లు చెరిపిన తర్వాత తిరిగిన దూరం, 22 కిలోమీటర్లు. 61 వేలు తిరిగిన బండిలో కోడ్లు చెరిపింది 22 కిలోమీటర్ల కిందట! అందులో పది నేను తిప్పినవే. నేను బ్రోకరు ముఖం చూశాను, ఆయన ఆకాశం చూశాడు.

సీటు బెల్టులు శుభ్రంగానే ఉన్నాయి. డిక్కీ పలక ఎత్తి, పనిముట్ల పెట్టె తీసి, మూలన వేలితో రాశాను. సన్నటి బూడిదరంగు ఒండ్రు, చెరువు ఎండినప్పుడు అడుగున పొరలా ఉంటుందే, అలాంటిది. “అది వాషింగ్ నీళ్లు సార్” అన్నాడు. వాషింగ్ నీళ్లలో ఒండ్రు ఎక్కడిదని బావమరిది అడిగాడు. సమాధానం లేదు.

బ్యాటరీ పూర్తిగా పోయిందనే లెక్క కట్టి, చెన్నైలో ఒక షెడ్డువాళ్లు ఫోనులో చెప్పిన బ్యాటరీ ఖర్చు తీసేసి, మిగిలిన ధర చెప్పాను. బ్రోకరు నవ్వి టీ ఇప్పించాడు. మధ్యాహ్నం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో తిరిగి వచ్చాం. గూడూరు దాటేదాకా బావమరిది ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది.

ట్రంకురోడ్డు మెకానిక్

మంచి పని చేశారు. పొద్దున ఏడున్నరకు వెళ్లడం చాలా మంచి పని.

ఒక్క తొమ్మిదో జంటే అయితే, బండి పొడిది అయితే, ధర తగ్గించి తీసుకోమనేవాడిని. అలాంటప్పుడు బ్యాటరీ దించి, 28 పలకలనూ నింపి, దింపి, కొలిచి, బలహీనమైనవి తీసేసి, అన్నీ ఒక స్థాయికి తెస్తారు. మధ్యలో కలిపే రాగి బద్దీలు పచ్చటి చిలుము పట్టి ఉంటాయి, వాటిని రుద్ది పెడతారు. నట్లు 5.4 న్యూటన్ మీటర్లకే బిగించాలి. మనవాళ్లు బలం చూపిస్తే ప్లాస్టిక్‌లోంచి నట్టు బిగించే బోల్టే ఊడి వస్తుంది. అంత జాగ్రత్తగా చేసినా నేను దాన్ని కొత్త బ్యాటరీ అనను, ఇంకొన్నాళ్లు అంటాను.

ఒండ్రు ఉంటే మాత్రం ఏ ధరకైనా వద్దు. ఇవాళ బ్యాటరీ, రేపు వైరింగు, ఎల్లుండి ఇన్సులేషన్ లోపమని రెడీ కానని మొండికేస్తుంది. ఒక్కో నెల ఒక్కో జబ్బు బయటపడుతుంది.

పెన్నా ఒడ్డు

నేను మొదటే చెప్పాను.

కావలి టు ఆక్లాండ్

మీరు చెప్పింది డీజిల్ కొనమని అన్నా.

దర్గామిట్ట డాక్టరు

మాస్టారు గారూ, స్కానర్ ఇవ్వడానికి నెల్లూరు వస్తారు కదా. వీలైతే ఇద్దరూ మా ఇంటికి వచ్చి నా బండికి కూడా ఒకసారి ఆ ఫ్లైఓవరు పరీక్ష చేసి పెట్టండి. పోల్చడానికి మీకు మంచి బ్యాటరీ అంకెలు దొరుకుతాయి. చీమకుర్తివారు రాసింది చదివాక భయం పట్టుకుంది, ఇన్నేళ్లలో ఆ ఫ్యాను ఒక్కసారి కూడా విప్పించలేదు.

ఒంగోలు మాస్టారు

నిన్న వెళ్లాం. మెకానిక్ గారు, నేను, బావమరిది.

డాక్టరు గారి బండి 14 జంటలు బరువు మీద ఉన్నప్పుడు ఎక్కువకూ తక్కువకూ తేడా 0.2 వోల్టులు. 1,90,000 తిరిగిన బ్యాటరీ అది. మెకానిక్ గారు మూడుసార్లు చూసి, స్కానర్ తుడిచి మళ్లీ పెట్టి చూశారు.

తర్వాత వెనక సీటు తీసి ఫ్యాను విప్పారు. రెక్కలు కనబడలేదు. బూడిదరంగు బొంత ఒకటి కప్పుకుని ఉంది, డాక్టరు గారి పిల్లి బొచ్చట, ఆ పిల్లి రెండేళ్ల కిందట చనిపోయిందట. బొచ్చు మధ్యలో సగం కరిగిన చాక్లెట్ కాగితం, మందుల స్ట్రిప్పు ముక్క, ఒక మల్లెపూవు తొడిమ. బ్రష్‌తో అరగంట పట్టింది. బిగించి స్టార్ట్ చేస్తే డాక్టరు గారు, “ఇన్నాళ్లూ వెనకనుంచి వచ్చే ఆ చప్పుడు రోడ్డుదనుకున్నాను” అన్నారు.

కాఫీ తాగుతుంటే, బండి చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చి, “మేడం, దీన్ని ఎప్పుడైనా అమ్మే ఆలోచన ఉందా?” అని అడిగింది నేను కాదు, మా బావమరిది. వచ్చే ఏడాది రిజిస్ట్రేషన్ గడువు అయ్యాక ఆలోచిస్తానన్నారు.

పాత ఆర్‌టీఓ ఏజెంటు

ఆ నలభై వేలు ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకోండి.

పెన్నా ఒడ్డు

చిన్న బ్యాటరీ చివరిసారి ఎప్పుడు మార్చారో అడిగారా?